విడ్జెట్ చెప్పే మాట ఎక్కడిది?

ఇంట్లో పెద్దవాళ్ళనడిగి వారి ఫోను ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మొదటి తెర చూడండి. పైన గడియారం ఉంటుంది. దాని కింద "కె.గంగవరం, 33 డిగ్రీలు, కొద్దిపాటి మబ్బు" అంటూ ఒక చిన్న పలక ఉండవచ్చు. ఒక పక్క ఈ నెల క్యాలెండరు, అడుగున నాలుగైదు బొమ్మలు కనిపిస్తాయి. ఇప్పుడు మరొకరి ఫోను చూడండి. అందులో ఈ అమరిక వేరుగా ఉంటుంది. ఎవరికి కావలసినట్టు వారు పెట్టుకొన్నారన్నమాట. వీరిలో చాలామంది కంప్యూటరు ప్రోగ్రాం రాయటం నేర్చుకొన్నవారు కారు. మరి తెరను ఇలా మార్చుకోవటం వారికి ఎలా సాధ్యమైంది?

తెర మీద మనం తెచ్చిపెట్టుకొనే ఇటువంటి పలకలను విడ్జెట్లు అంటారు. వీటిని పెట్టటం తేలికే. ఖాళీ చోట వేలు అదిమి పట్టాలి. విడ్జెట్ల పట్టిక వస్తుంది. కావలసినదాన్ని ఎంచుకొని, వేలితో జరిపి, నచ్చినచోట వదలాలి. అంతే! అయితే ఈ సులువు వెనుక ఒక సూత్రం ఉంది. ముందు దాన్ని తెలుసుకొందాం.

పెంకుటిల్లు నేర్పే పాఠం

మన ఊళ్ళలో మంగుళూరు పెంకుటిళ్ళు ఇంకా ఉన్నాయి. గాలివానకు ఒక పెంకు పగిలిందనుకోండి. కొత్త పెంకు తెచ్చి ఆ చోట పెడతారు. అది చక్కగా అమరుతుంది. పెంకు ఏ మట్టితో చేశారో, బట్టీలో ఎంతసేపు కాల్చారో పైకెక్కినవారికి తెలియనక్కరలేదు. పెంకు కొలత, దాని అంచున ఉండే గాడి, కింద రీపర్ల మధ్య దూరం - ఈ మూడూ ఒకదానికొకటి సరిపడేట్టు ముందే నిర్ణయమై ఉన్నాయి. అందుకే ఎక్కడో తయారైన పెంకు మన ఇంటి కప్పు మీద ఇమిడిపోతుంది.

విడ్జెట్ కూడా ఇలాంటిదే. ఫోను మొదటి తెరను నడిపేది ఒక ప్రోగ్రాం. దాన్ని లాంచర్ అంటారు. ఇది తెరను గళ్ళుగా విభజిస్తుంది. ప్రతి విడ్జెట్టూ లాంచర్‌కు కొన్ని సంగతులు ముందే చెప్పాలి: నా పేరు ఇది, నాకు కనీసం ఇన్ని గళ్ళు కావాలి, నన్ను ఇంత కాలానికొకసారి తాజా చేయాలి అని. ఈ ఒప్పందాన్ని పాటిస్తే చాలు, విడ్జెట్ ఎవరు తయారుచేసినా తెర మీద ఇముడుతుంది. మనం ప్రోగ్రాం రాయలేదంటే ప్రోగ్రాం లేదని అర్థం కాదు. మనకు బదులు మరొకరు రాసి, పెంకులాగా సిద్ధం చేసి ఉంచారు.

గళ్ళ లెక్క

లెక్కల పుస్తకంలో 4 నిలువు వరుసలు, 5 అడ్డు వరుసలు గల గళ్ళపటం గీయండి. మొత్తం 20 గళ్ళు. ఫోనును బట్టి ఈ సంఖ్య మారుతుంది గాని, మన లెక్కకు ఇది చాలు. వెతుకుడు పెట్టెకు 4×1, వాతావరణ విడ్జెట్టుకు 4×2, క్యాలెండరుకు 2×2 గళ్ళు కావాలనుకొందాం. 4 + 8 + 4 = 16. ఇంకా 4 గళ్ళు మిగిలాయి. అందులో నాలుగు బొమ్మలు పెట్టుకోవచ్చు.

ఇప్పుడొక చిక్కు లెక్క. అదే గళ్ళపటంలో రెండో అడ్డు వరుసలో ఒక బొమ్మ, నాలుగో అడ్డు వరుసలో ఒక బొమ్మ పెట్టండి. ఇంకా 18 గళ్ళు ఖాళీ. 8 గళ్ళు చాలు గదా అని 4×2 విడ్జెట్టును పెట్టబోతే దానికి చోటు దొరకదు! ఎందుకంటే పూర్తిగా ఖాళీగా ఉన్న వరుసలు 1, 3, 5 మాత్రమే. వాటిలో ఏ రెండూ పక్కపక్కన లేవు. వైశాల్యం చాలినంత మాత్రాన సరిపోదు, ఆకారం కూడా కుదరాలి. పెద్ద ముక్కను ముందు పెట్టి, చిన్నవాటిని తరువాత సర్దటం మంచిదని దీనివల్ల తెలుస్తుంది. బియ్యం బస్తాలూ చిన్న సంచులూ ఆటోలో సర్దేవారు పాటించే పద్ధతి కూడా ఇదే.

పనివాడు ఇచ్చిన మీటలు

ప్రోగ్రాం రాయకుండా తెరను దిద్దుకోవచ్చుననే ఆలోచన కొత్తది కాదు. 1982లో అమెరికాలో ఆపిల్ కంపెనీ మెకింటోష్ అనే కంప్యూటరును తయారుచేస్తోంది. దాని తెర మీద కనిపించే చిన్న లెక్కల యంత్రాన్ని క్రిస్ ఎస్పినోసా అనే యువకుడు గీస్తున్నాడు. కంపెనీ స్థాపకులలో ఒకడైన స్టీవ్ జాబ్స్‌కు అది నచ్చలేదు. గీతలు సరిగా లేవనీ, మీటలు పెద్దవిగా ఉన్నాయనీ రోజూ ఏదో ఒక తప్పు పట్టేవాడు. ఎస్పినోసా ఎన్నిసార్లు మార్చినా అదే వరస. చివరకు అతడొక ఉపాయం చేశాడు. గీతల మందం, మీటల పరిమాణం, వెనుక రంగు వంటివాటిని పట్టికల నుంచి ఎంచుకొని ఎవరికి వారే మార్చుకొనేట్టు ఒక ప్రోగ్రాం రాసి జాబ్స్ ముందుంచాడు. జాబ్స్ పది నిమిషాలు కూర్చొని తనకు నచ్చిన రూపం తయారుచేసుకొన్నాడు. 1984లో మెకింటోష్ ఆ రూపంతోనే వెలువడింది. ఆ లెక్కల యంత్రం చాలా ఏళ్ళు అలాగే కొనసాగింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. జాబ్స్ మార్చగలిగినవి ఎస్పినోసా మార్చనిచ్చినవి మాత్రమే. కూడిక ఎలా జరగాలన్నది ఆ పట్టికల్లో లేదు. విడ్జెట్టు విషయంలో మనమూ అంతే. చోటు, పరిమాణం, రంగు మన చేతిలో ఉంటాయి. లోపల జరిగే పని మన చేతిలో ఉండదు. కనుక లోపల ఏం జరుగుతోందో తెలుసుకొని ఉండటం అవసరం.

ఆ 33 డిగ్రీలు ఎవరు కొలిచారు?

తెర మీద 33 డిగ్రీలు అని చూసి, ఫోనులో ఉష్ణమాపకం ఉందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. బ్యాటరీ ఎంత వేడెక్కిందో కొలిచే భాగం ఫోనులో ఉంటుంది గాని, బయటి గాలి వేడిని అది చెప్పదు. విడ్జెట్ చేసే పని ఇది: నిర్ణీత కాలానికి మేలుకొంటుంది. మీరున్న చోటును ఇంటర్నెట్ ద్వారా ఒక దూరపు కంప్యూటరుకు పంపుతుంది. అక్కడి నుంచి వచ్చిన అంకెను తెచ్చి తెర మీద రాస్తుంది. మళ్ళీ నిద్రపోతుంది.

ఆ దూరపు కంప్యూటరుకు అంకె ఎక్కడిది? వాతావరణ కేంద్రాలు, ఉపగ్రహాలు, రాడార్లు ఇచ్చే కొలతలతో పెద్ద కంప్యూటర్లు లెక్క కడతాయి. ఇందుకోసం భూమిని కూడా గళ్ళుగా విభజిస్తారు! మన దేశంలో 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టంలో గడి పక్క సుమారు 6 కిలోమీటర్లు. అంతకు ముందు అది 12 కిలోమీటర్లు. 12×12 = 144, 6×6 = 36. అంటే ఒక పాత గడిలో నాలుగు కొత్త గళ్ళు పడతాయి. మీ విడ్జెట్టు వెనుక ఉన్న సంస్థ వేరొక లెక్క వాడుతూ ఉండవచ్చు. ఏదైనా అది ఒక గడి మొత్తానికి వేసిన అంచనాయే గాని, మీ వాకిట్లో తీసిన కొలత కాదు. గౌతమి ఒడ్డునా, ఊరి మధ్య తారురోడ్డు మీదా వేడి ఒకేలా ఉండదు గదా!

గాలివాన రోజున

మన ప్రాంతంలో ఇది కేవలం వినోదపు విషయం కాదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళేవారు, కోసిన వరి పనలు చేలో ఉన్న రైతులు ఆకాశాన్నీ చూస్తారు, ఫోనునూ చూస్తారు. 1996 నవంబరు 6 రాత్రి పెనుతుపాను కోనసీమను తాకింది. వెయ్యిమందికి పైగా మరణించారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అటువంటి రోజున విడ్జెట్టును నమ్ముకోవచ్చునా?

ఆండ్రాయిడ్ ఫోన్లలో విడ్జెట్టును నిర్ణీత కాలానికి మేలుకొలిపే మామూలు ఏర్పాటులో అరగంట కంటె తక్కువ వ్యవధి కుదరదు. బ్యాటరీ త్వరగా అయిపోకుండా ఈ కట్టుబాటు పెట్టారు. ఉరుముల మబ్బు గంటలోపే పెరిగి, కురిసి, విడిపోగలదు. అంటే విడ్జెట్టు నిద్రలో ఉండగానే వాన వచ్చి వెలిసిపోవచ్చు. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పెనుగాలికి కరెంటు పోయి, టవర్లు ఆగిపోతే విడ్జెట్టుకు కొత్త అంకె రాదు. అప్పుడు చాలా విడ్జెట్లు ఊరుకోవు, పాత అంకెనే చూపుతూ ఉంటాయి. బయట గాలి హోరుమంటూ ఉంటే తెర మీద నిన్నటి ఎండ బొమ్మ నవ్వుతూ ఉండవచ్చు!

విడ్జెట్టు తాను అడిగినప్పుడే సమాచారం తెచ్చుకొంటుంది. హెచ్చరిక అలా కాదు, మనం అడగకపోయినా వచ్చి చెబుతుంది. సెల్ టవరు నుంచి దాని పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి హెచ్చరిక పంపే పద్ధతిని 2023లో మన దేశంలో వివిధ రాష్ట్రాల్లో పరీక్షించారు. పెద్ద శబ్దంతో ఫోను మోగటం కొందరికి గుర్తుండవచ్చు. తుపాను వేళ వాతావరణ శాఖ ప్రకటన, విపత్తుల సంస్థ సందేశం, రేడియో, ఊళ్ళో దండోరా - వీటి మాట వినాలి. తెర మీద ఎండ బొమ్మ ఉందిగదా అని ఏటి ఒడ్డున ఆగిపోకూడదు.

మూడు ప్రశ్నలు

ఏ విడ్జెట్టు పెట్టేముందైనా ఈ మూడు ప్రశ్నలు వేయండి.

ఒకటి: ఈ అంకె ఎక్కడి నుంచి వస్తోంది? విడ్జెట్టును నొక్కితే తెరుచుకొనే పేజీలో సాధారణంగా ఆ సంస్థ పేరు ఉంటుంది. మన వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్ 2020 నుంచి ఉంది. రెండింటినీ పోల్చి చూడవచ్చు.

రెండు: ఈ అంకె ఎప్పటిది? తాజా చేసిన సమయం చూపే విడ్జెట్టును ఎంచుకోండి. సమయం లేని అంకె, తేదీ లేని ఉత్తరం వంటిది.

మూడు: ఇది నన్ను ఏం అడుగుతోంది? వాతావరణం చెప్పటానికి మీరున్న చోటు కావాలి. కాని ఇంటి గుమ్మం దాకా తెలియనక్కరలేదు, ఊరు తెలిస్తే చాలు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి చోటును "సుమారుగా" మాత్రమే చెప్పే వీలుంది. ఐఫోనులో ఈ వీలు 2020 నుంచి ఉంది. గడియారపు విడ్జెట్టు మీ ఫోను నంబర్ల పట్టిక అడిగితే మాత్రం అనుమానించండి. సమయం చెప్పటానికి అది ఎందుకు?

చేసి చూడండి

1. ఒక ఉష్ణమాపకాన్ని నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయండి. వారం రోజులు ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 5 గంటలకు దాని అంకెనూ, విడ్జెట్టు అంకెనూ, విడ్జెట్టు తాజా అయిన సమయాన్నీ పట్టికలో రాయండి. తేడా ఏ వేళ ఎక్కువగా ఉంది? ఎందుకు?

2. పెద్దల అనుమతితో ఒక ఆదివారం ఫోనును రెండు గంటలపాటు ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. విడ్జెట్టు "సమాచారం లేదు" అని చెప్పిందా? పాత అంకెనే చూపిందా?

3. 4 నిలువు, 6 అడ్డు వరుసలున్న తెర మీద 4×2 విడ్జెట్టుకు ఎక్కడా చోటు లేకుండా చేయాలంటే కనీసం ఎన్ని బొమ్మలు కావాలి? (జవాబు: 3. అడ్డు వరుసలను రెండేసి చొప్పున జతచేస్తే మూడు జతలు వస్తాయి. ప్రతి జతలోనూ ఒక బొమ్మయినా ఉండాలి. 2, 4, 6 వరుసల్లో ఒక్కొక్కటి పెడితే సరిపోతుంది.)

మీ పట్టికను తరగతి గోడ మీద అంటించండి. మీ ఇంట్లో ఫోను చూసి "ఇవాళ వాన లేదట" అని ఎవరైనా అంటే, "ఆ మాట ఎన్నింటికి వచ్చింది?" అని అడగండి.