ఫార్మాట్ కొట్టే ముందు వైరు చూడు

వేములపల్లి

చిరంజీవి అల్లుడికి,


144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా ఉబుంటులో 60 దాటడం లేదని, లినక్స్ పీకేసి విండోస్ ఎక్కిస్తానని మీ అమ్మతో అన్నావట. తప్పు వైరులో ఉంటే విండోస్‌లోనూ అదే 60. కాస్త ఆగు.

టీవీలు బాగుచేసిన నాకు ఈ లెక్క కొత్తేం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత డబ్బా టీవీ కూడా సెకనుకు 50 సార్లు తెర గీసేది. 60 హెర్ట్జ్‌లో బొమ్మ సుమారు పదిహేడు మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144లో ఏడింటికే. ప్రోగ్రాములు రాసుకునేవాడికి దీంతో ఒరిగేది తక్కువే. ఆటలాడేవాడికి మాత్రం కావాలి. నువ్వు ఏ జట్టో నాకు తెలుసులే.

ముందు సీపీయూ వెనక్కి తిప్పి చూడు. గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుని కూడా వైరు మదర్‌బోర్డుకు గుచ్చేవాళ్లు చాలామంది. అది సరిగ్గానే ఉంటే వైరు సంగతి చూడు. సాగర్ ఎడమ కాలువ నిండా పారినా మన మడిలోకొచ్చేది తూము పట్టినన్ని నీళ్లే గదా. పాత హెచ్‌డీఎంఐ 1.4లో 4కె తెరకు 30 హెర్ట్జే వస్తుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి. 1920×1080 మానిటర్లు కూడా ఆ పాత పోర్టులో చాలావరకు 120 దగ్గరే ఆగిపోతాయి. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఆ వైరే వాడు. 1.2 రకమైనా 1920×1080 తెరకు నీ 144 సునాయాసంగా లాగుతుంది.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరువు. రిఫ్రెష్ రేట్ దగ్గర 144 కనిపిస్తే ఎంచుకుని అప్లై కొట్టు. తెర నల్లబడితే కంగారుపడి పవర్ బటన్ నొక్కకు. నువ్వు ఏమీ చేయకపోతే కొద్ది సెకన్లలో పాత రేటుకు అదే వెళ్లిపోతుంది. అసలు 144 కనిపించకపోతే మానిటర్ మాట కంప్యూటర్‌కు చేరలేదన్నమాట. ప్రతి మానిటర్ తనకు ఏ రేట్లు వచ్చో ఈడీఐడీ అనే చిన్న చిట్టాలో రాసి పంపుతుంది. మధ్యలో చవక కన్వర్టరో స్ప్లిటరో ఉంటే ఆ చిట్టా చెడిపోవచ్చు. అవి పీకేసి నేరుగా కలుపు. ఎన్విడియా కార్డయితే అడిషనల్ డ్రైవర్స్‌లో వాళ్ల సొంత డ్రైవర్ పడిందో లేదో చూడు.

యూట్యూబ్‌లో చూసి ఎక్స్‌రాండర్ కమాండ్లు కొడుతున్నావేమో. అవి ఎక్సార్గ్ అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ కాలానివి. దాని స్థానంలో వచ్చిన వేలాండ్ సెషన్‌లో వాటితో రేటు మారదు. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఎక్సార్గ్ సెషనే తీసేశారు. నీ సెషన్ ఏదో సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర, సిస్టమ్ డీటెయిల్స్‌లో ఉంటుంది. ఎక్సార్గే అయితే ఎక్స్‌రాండర్ కమాండ్ ఒట్టిగా కొట్టు: ఇప్పుడు నడుస్తున్న రేటు పక్కన నక్షత్రం గుర్తు వస్తుంది. అంతవరకే. జాబితాలో లేని రేటును బలవంతంగా ఎక్కించే పని ఇప్పుడే వద్దు. వైరు పట్టనిది కమాండుతో పట్టదు.

వైరు మార్చాక ఆ డిస్‌ప్లేస్ పేజీ, సీపీయూ వెనక భాగం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసేదాకా ఫార్మాట్ మాట ఎత్తకు.

మీ మామయ్య