ఆ సంతకం పెట్టెయ్, చెల్లీ!

ముందు కాసిని మంచినీళ్లు తాగు. తర్వాత మాట్లాడుకుందాం.

16 ఏళ్ల పిల్ల, సాయంత్రాలు బోబా టీ కొట్లో పనిచేస్తానంది. వాళ్ల నాన్న "చదువుకునే పిల్లకి గ్లాసులు కడిగే ఖర్మేంటి" అన్నాడు. మాటా మాటా పెరిగి అది "కోర్టుకెళ్లి ఎమాన్సిపేషన్ తెచ్చుకుంటా" అని తలుపు వేసుకుంది. అంతేగా? కాలిఫోర్నియాలో ఉన్న చెల్లెళ్లకి ఈ మాట వింటే గుండె జారిపోతుంది, నాకు తెలుసు. ఇంతకీ అదేమిటో చెప్తా, విను.

18 నిండకముందే తల్లిదండ్రుల అధీనం నుంచి చట్టపరంగా బయటపడటమే ఎమాన్సిపేషన్. పెళ్లయినా, సైన్యంలో చేరినా అదే వస్తుంది. లేదంటే జడ్జి ఇవ్వాలి. జడ్జి ఇవ్వాలంటే కనీసం 14 ఏళ్లుండాలి. మీరు ఒప్పుకునో, చూసీ చూడనట్టు ఊరుకునో, అప్పటికే పిల్ల విడిగా బతుకుతూ ఉండాలి. తన డబ్బు వ్యవహారం తనే చూసుకోవాలి, ఆ డబ్బు నేరం చేసి తెచ్చింది కాకూడదు. నీ చేతి ఉప్మా తింటూ, నీ ఇంటి వైఫై వాడుకుంటూ, పై గదిలో కూర్చుని అలిగిన పిల్లకి ఏ జడ్జి ఇస్తాడమ్మా? ఇంట్లో హింస భరించలేక బయటపడ్డ పిల్లల సంగతి వేరు, వాళ్లకది నిజంగా ప్రాణాధారం. దాన్ని అలకల్లో వాడే బెదిరింపు మాటగా చూడటం నాకు నచ్చదు.

ఒకవేళ ఇచ్చారే అనుకో. ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, వైద్యానికి సొంతంగా సరేననొచ్చు. బడి మాత్రం తప్పదు, ఓటు రాదు. పని గంటల పరిమితీ పోదు. ఉద్యోగానికి వర్క్ పర్మిట్ కూడా మామూలుగానే కావాలి. అమ్మానాన్నలు అడగక్కర్లేకుండా తనే అడగొచ్చు, అంతే తేడా. కోర్టు దాకా వెళ్లినా పని విషయంలో కలిసొచ్చేది ఆ ఒక్క సంతకం. అదేదో నువ్వే పెట్టెయ్!

స్కూలు తెరిచి ఉన్న రోజుల్లో పర్మిట్ ఇచ్చేది స్కూలే. కాగితంలో కొంత కొట్టువాడు నింపాలి, కొంత పిల్ల, కొంత నువ్వు. 16, 17 ఏళ్లవాళ్లకి బడి రోజు 4 గంటలే పని, సెలవు రోజు 8. మర్నాడు బడి ఉంటే రాత్రి 10 దాటి ఉంచకూడదు. చదువు దెబ్బతింటోందనిపిస్తే స్కూలు ఆ పర్మిట్ రద్దు చేయొచ్చు. మీ ఆయనకి ఈ ఒక్క ముక్క చెప్పు, సగం కోపం దిగుతుంది.

ఇక డబ్బు. అసలు గొడవ ఇక్కడే ఉందని నా అనుమానం. కాలిఫోర్నియా కుటుంబ చట్టం ప్రకారం మైనరు పిల్ల సంపాదన మీద హక్కు అమ్మానాన్నలది! వింటే నీకే సిగ్గేస్తుంది కదూ? చాప్లిన్ "ది కిడ్"లో చేసిన జాకీ కూగన్ గుర్తున్నాడా? చిన్నప్పుడు లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూస్తే తల్లీ, సవతి తండ్రీ చాలామటుకు ఖర్చు చేసేశారు. 1938లో కన్నతల్లి మీదే కేసు వేశాడు. ఆ గోల మీదే 1939లో బాలనటుల కోసం చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ వాళ్ల సంపాదన వాళ్లదే, అందులో 15 శాతం ట్రస్టులో పడాలి. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కాగితం మీద మనమే నయం.

బోబా కొట్టు పిల్లకి ఆ రక్షణ లేదు. అయితే తల్లిదండ్రులు ఆ హక్కు తమంతట తామే వదులుకోవచ్చని అదే చట్టం చెప్తోంది. కాబట్టి జీతం దాని ఖాతాలోనే పడనీ. ఎంతొచ్చింది, దేనికి పెట్టావు అని రోజూ ఆరా తీయకు. దానికి కావాల్సిన ఎమాన్సిపేషన్ బహుశా అంతే.

ఇండియాలో ఉన్న చెల్లెళ్లూ, మనకి ఈ కోర్టు దారి లేదు. 14 నిండనివాళ్లని పనిలో పెట్టుకోవడం నేరం. బడి అయ్యాక సొంతింటి పనికి సాయపడటం, నటన లాంటి మినహాయింపులు తప్ప. 14 నుంచి 18 మధ్యవాళ్లని గనుల్లో, మందుగుండు దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పద్నాలుగేళ్లు నిండని పిల్ల ఎక్కడైనా పనిలో కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

కాలిఫోర్నియా చెల్లీ, పని గురించి నీకు ఇందాక చెప్పిందంతా మీ పిల్లకి పౌరసత్వమో గ్రీన్ కార్డో, సొంత పని అనుమతి కార్డో ఉంటేనే. హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉంటే నువ్వు సంతకం పెట్టినా, స్కూలు పర్మిట్ ఇచ్చినా జీతం పని చేయకూడదు. ఎమాన్సిపేషన్ వచ్చినా వీసా మారదు. అలా పనిచేస్తే రేపు దాని వీసాకీ, గ్రీన్ కార్డుకీ అడ్డం పడొచ్చు. క్లాసులో అందరూ చేస్తుంటే తనొక్కతే ఎందుకు చేయకూడదో దానికి కూర్చోబెట్టి చెప్పు, లాయర్ని కూడా ఓ మాట అడుగు. వీసా కాగితం చూడకుండా మాత్రం ఏ కొట్టుకీ పంపకు.