అమరావతి శిలలు: దానమిచ్చినవారు, తీసికొనిపోయినవారు

లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందు అమరావతి శిల్పములకు ప్రత్యేకముగా ఒక గది కలదు. ఆ మ్యూజియము సంగ్రహములో అట్టి శిలలు 120కి పైగా ఉన్నవి. ఆంగ్లేయులు వాటిని చలువరాళ్లని పిలిచిరి గాని, అవి నిజమునకు పలనాటి సున్నపురాళ్లు. కృష్ణానది దక్షిణపు గట్టున వెలసిన బౌద్ధ మహాచైత్యమునకు కొన్ని ప్రాకారముగను, కొన్ని స్తూపమును కప్పిన పలకలుగను ఉండెడివి.

వాటిని చేయించినవారు రాజులు మాత్రమే కారు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు తమ శక్తికొలది ఒక్కొక్క రాయిని సమర్పించినట్లు శాసనములు తెలుపుచున్నవి. ఒక ప్రాకృత శాసనము మిక్కిలి గమనింపదగినది. విధికుడను చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, కుమారుడైన నాగుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో కూడి పూర్ణఘటము చెక్కిన పలకను దానమిచ్చెనని అందు వ్రాయబడియున్నది. తోలుపని చేసి బ్రతికినవాని ఇంటిల్లిపాది పుణ్యమది. ఓడల పట్టికలలో తాతముత్తాతల పేరును, ఊరిని వెదకుకొను కుటుంబములకు, ఒక పనివాని పేరు ఇన్ని శతాబ్దములు రాతిపై నిలిచియుండుట ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. విధికుడు రాతిని ఇచ్చినది ఒక స్థలమునకు. గుడికి ఇచ్చిన గంటను విప్పి, వేరొక ఊరిలో ఎంత అందముగ వ్రేలాడదీసినను, దాత కోరినది అది కాదు గదా!

అయితే దోషమంతయు పరదేశీయులదే అనుట న్యాయము కాదు. 18వ శతాబ్దము చివర కాలిన్ మెకంజీ ఆ దిబ్బను మొదట చూచునప్పటికే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన క్రొత్త పట్టణపు కట్టడములకు ఆ రాళ్లను తీయించుచుండెను. మెకంజీ 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. ఈనాడు కనబడని కొన్ని శిలల రూపము ఆ చిత్రముల వలననే తెలియుచున్నది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి అనేక శిలలను మదరాసునకు పంపెను. అచ్చట అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. 1859లో లండనునకు ఓడలో పంపబడినవి. అచ్చటను వాటికి వెంటనే గౌరవము దక్కలేదు. ఒక బండ్లశాలలో పడియుండగా జేమ్స్ ఫెర్గుసన్ అను పండితుడు 1867 ప్రాంతమున వాటిని కనుగొని లోకమునకు తెలిపెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను.

శిలలు వెళ్లిన మరుసటి సంవత్సరము, 1860 అక్టోబరులో, ట్రూరో అను ఓడ మదరాసు నుండియే కూలీలతో బయలుదేరి నవంబరు 16న డర్బను చేరెను. ఆ మనుష్యుల చేత ఒప్పందమైనను వ్రాయించుకొనిరి. దానిలోని న్యాయము ఎంతటిదో వారి సంతతికి తెలిసినదే.

అది ఆ కాలపు పద్ధతి అని కొందరందురు. ఈ వాదము పూర్తిగా నిలువదు. ఆ కాలములోనే, 1880 తరువాత, ప్రాచీన కట్టడముల క్యూరేటరుగ పనిచేసిన హెన్రీ హార్డీ కోల్ శిలలను వాటి చోటనే కాపాడవలెనని వాదించెను. ఆయన మాట నెగ్గలేదు.

చందవరపు శిల్పము సంగతి ఇంతకంటె సులభము. ప్రకాశము ప్రాంతమునందలి ఆ బౌద్ధక్షేత్రమునుండి అపహరింపబడిన, బుద్ధుని సేవించువారి శిల్పమును ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో వెల యిచ్చి కొనెను. 1990 దశకములో అది ఇంకను భారతదేశమునందే ఉండెనని ఛాయాచిత్రము వలన తేలగా, 2016లో భారతదేశమునకు అప్పగించిరి. అచ్చట దొంగతనము స్పష్టము. అమరావతి శిలలను తీసికొనిపోయినది ప్రభుత్వమే గనుక దొంగతనమను మాట చట్టములో ఇమడదు. పైగా 1963 నాటి బ్రిటిష్ మ్యూజియము చట్టము, కొన్ని మినహాయింపులతో తప్ప, సంగ్రహములోని వస్తువులను వదులుకొనరాదని ధర్మకర్తలను కట్టివేయుచున్నది.

చట్టము మార్పరానిదా? పారిస్ మ్యూజియములో ఉంచబడిన సారా బార్ట్‌మన్ అవశేషములను పంపవలెనని నెల్సన్ మండేలా 1994లో కోరగా, ఫ్రాన్సులోను ఇట్టి అడ్డంకియే చెప్పిరి. 2002లో ఆ దేశపు శాసనసభ అందుకై ప్రత్యేక చట్టము చేసెను. ఆ యేటి ఆగస్టు 9న హాంకీలో ఆమెకు అంత్యక్రియలు జరిగినవి. మానవ దేహమును, చెక్కిన రాతిని ఒకే త్రాసులో తూచుట తగదు. కాని చట్టమును అడ్డుపెట్టి చర్చనే ముగించుట మాత్రము సరికాదని ఆ ఉదాహరణము చూపుచున్నది. అన్ని శిలలను ఒక్కసారి కోరుటకంటె, దాతల పేర్లు గల పలకలను ముందుగ కోరుట యుక్తము. దాత పేరున్నచోట ఎవరి దానమో, ఎచ్చటికిచ్చిరో అను సందేహమునకు తావులేదు.

ఈ ప్రశ్న లండనుతోనే ఆగదు. అమరావతి శిలలలో పెద్దభాగము చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి మదరాసు వేరైనప్పుడు, అవి అచ్చటనే ఉండిపోయినవి. లండనును అడుగబోవువారు చెన్నైని ఏమని అడుగుదురో ముందుగ తేల్చుకొనవలసియున్నది.