హైదరాబాద్ వెళ్తే రికార్డుల దుకాణం కూడా చూపించండి



సెలవుల్లో భద్రాచలం, ఖమ్మం వైపు నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు గోల్కొండలో రామదాసు బందీఖానా పిల్లలకు చూపిస్తాం. అదే ప్రయాణంలో ఆయన కీర్తనల పాత రికార్డు కోసం కూడా వెతకండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడినవి ఎల్పీలుగా వచ్చాయి.

దుకాణం ఎక్కడో తెలియకపోతే, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌పై పాత పుస్తకాలు అమ్మేవారిని, పాత రేడియోలు బాగుచేసేవారిని అడగండి.

మంచి దుకాణంలో కొనేముందు రికార్డు వేసి వినిపిస్తారు. ఇంట్లో ప్లేయర్ లేని పిల్లలకు అదే పెద్ద పాఠం.

పిల్లలతో ఇవి చూడించండి:
- అట్ట మీద ఉన్న పేరు, లోపలి రికార్డు ఒకటేనా?
- అంచులు పట్టుకుని వెలుతురులో చూస్తే లోతైన గీతలున్నాయా? ఉంటే సూది అక్కడ ఎగురుతుంది.
- లేబుల్‌పై వేగం ఎంత? 78 అయితే ఒకవైపు సుమారు 3 నిమిషాలే, కిందపడితే పగులుతుంది. 33⅓ అయితే 20 నిమిషాల దాకా వస్తుంది.

ఈ నెల ఇంటిపని: ముందు మీ అటక మీద వెతకండి. దొరికిన రికార్డును పాతసామాన్లకు వేయకండి. అది ఎవరు కొన్నారో, ఎప్పుడు విన్నారో తాతయ్య, నానమ్మలను అడిగి పిల్లలతో రాయించండి. రికార్డు మళ్లీ దొరకవచ్చు, ఆ జ్ఞాపకం దొరకదు.