చాలు అనడానికీ చెవి కావాలి

కొత్త స్పీకర్లు ఇంటికొచ్చి నెల కాలేదు, అప్పుడే ఆంప్లిఫయర్ చాలట్లేదంటారు. అది మార్చాక వూఫర్ మీద పడతారు. ఇంతకీ ఈమధ్య ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా విన్నారా?

నన్నూ కలుపుకునే తిడుతున్నాను లెండి. నరసరావుపేటలో ఆడియో కొట్టు కనిపిస్తే నా కాళ్లు ఇప్పటికీ అటే లాగుతాయి.

ముందు లెక్క చూడండి. 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. మోత రెట్టింపైందని చెవికి అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే 500 వాట్లు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర ఆ మోత ఉండాలి గానీ, 12 అడుగుల గదిలో ఎవరికి? పైగా ఎంత కొత్త సుఖానికైనా మనసు ఇట్టే అలవాటు పడిపోతుందని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే మనస్తత్వవేత్తలు 1971లోనే చెప్పారు.

చాలాసార్లు అసలు చిక్కంతా గదితోనే. మన ఇళ్లలో కింద మాచర్ల నాపరాళ్లు, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, ఖంగుమంటుంది. ఆ గదిలో పాట మాటలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. నేల మీద మందపాటి బొంత పరవండి, గొంతు తేటపడుతుంది. స్పీకర్లను మూలల్లోంచి మూరెడు ముందుకు జరపండి, బేస్ గుబగుబ తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇక నేను ప్రాణం పెట్టే అలవాటు చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక ఒక్క పాట. అదే కుర్చీ, అదే వాల్యూమ్, ఫోను పక్కగదిలో. నాకైతే ఘంటసాల, మీకు మీ ఇష్టం. పాట అయ్యాక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయాలి: ఏం విన్నాను, ఏం లోటనిపించింది? ఎడమ స్పీకర్ బరబరలాడుతోందని నెలంతా రాశారనుకోండి, నిక్షేపంగా బాగు చేయించండి, కుదరకపోతే మార్చండి. రోజుకో కొత్త లోటు కనిపిస్తోందా? పర్సు మూసేయండి, ఆ వెలితి మీ మనసుది. నా పుస్తకంలో రానురాను లోట్లు తగ్గి, తబలా నడక మారే చోటు, చరణం ఎత్తుకునే ముందు గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు వచ్చి చేరాయి. అవన్నీ నా పాత పెట్టెల్లోంచి వినిపించినవే!

మిగతావి టూకీగా: రివ్యూ వీడియోలు తగ్గించండి. వాయిదాల మీద కొనకండి. పాతది అమ్మకుండా కొత్తది తేకండి. కొనేముందు ఇంట్లో ఓ మాట చెప్పండి.

పాటల పెట్టె దగ్గర చాలు అనగలిగితే, ఫోను దగ్గరా బండి దగ్గరా కూడా అదే మాట నోటికొస్తుంది. మీ వల్ల అవుతుంది. ఈ రాత్రికే పాట ఎంచుకోండి. కొనాల్సిందేమైనా ఉంటే నెల తర్వాత ఆ నోటుబుక్కే చెబుతుంది.