బ్యాటరీ లేని సెన్సర్లు పిలుస్తున్నాయి

టోల్‌గేటు కోసం కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. పైన బిగించిన రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే అందులోని చిప్ తనకు కావలసిన కరెంటును పిండుకుని, ఆ కాస్త శక్తితోనే తన నంబరు చెప్పేస్తుంది. అలా నంబరు చెప్పగలిగిన చిప్ వేడినో, తేమనో, యంత్రంలో కంపనాన్నో కూడా చెప్పగలదు. కాంక్రీటులో పూడ్చిన సెన్సర్‌కూ, గిరగిరా తిరిగే ఇరుసు మీది సెన్సర్‌కూ బ్యాటరీ మార్చడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఈ పరిజ్ఞానానికి గిరాకీ ఉంది.

ఇక్కడ అసలు పరీక్ష లెక్కల్లో ఉంటుంది. మన దేశంలో ఫాస్టాగ్ లాంటివాటిని చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లు లైసెన్సు అక్కరలేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేస్తాయి. నిబంధనలు అనుమతించే 4 వాట్ల ప్రసారంలో అయిదు మీటర్ల దూరాన ఉన్న చిన్న యాంటెన్నాకు చిక్కేది సుమారు 200 మైక్రోవాట్లే. అదీ మధ్యలో ఏ అడ్డూ లేకపోతేనే. దూరం రెట్టింపైతే అందులో నాలుగో వంతే మిగులుతుంది. ఆ తరంగాన్ని డీసీగా మార్చే డయోడ్ సర్క్యూట్ మరికొంత మింగేస్తుంది. మరోవైపు, బ్లూటూత్ రేడియో మాట్లాడే క్షణంలో మిల్లీవాట్లలో అడుగుతుంది! అందుకే వచ్చిన కొద్దిపాటి శక్తినీ కెపాసిటర్‌లో కూడబెట్టి, సెన్సర్‌ను క్షణకాలం నిద్రలేపి, కొలిచి, పంపి, మళ్లీ నిద్రపుచ్చాలి. ఈ జమాఖర్చులు చూడగలిగిన ఇంజినీరే ఈ రంగానికి కావాలి.

ఐఐటీ మద్రాస్‌లో బీటెక్ చదివిన శ్యామ్ గొల్లకోట బృందం ఈ లెక్కను మరో దారిలో తేల్చింది. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ బృందం, గాలిలో అప్పటికే ఉన్న టీవీ తరంగాలను పరావర్తనం చేస్తూ బ్యాటరీ లేని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవని చూపించింది. 2015లో అక్కడివారే వైఫై రూటర్ తరంగాలతో ఓ చిన్న కెమెరాను నడిపించారు.

ఉద్యోగ ప్రకటనల్లో ‘వైర్‌లెస్ పవర్’ అనే మాట కోసమే వెతికితే దొరికేవి తక్కువే. ఆర్‌ఎఫ్ డిజైన్, పవర్ మేనేజ్‌మెంట్ ఐసీ, లో పవర్ ఎంబెడెడ్ పేర్లతో వెతకాలి. తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ చిప్‌లు చేసే సిలికాన్ ల్యాబ్స్‌కూ, క్వాల్‌కామ్‌కూ హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉంది. విద్యుదయస్కాంత పరిశోధనపై మక్కువ ఉంటే విశాఖలోని ‘సమీర్’ పరిశోధన సంస్థ కేంద్రం ప్రకటనలనూ గమనిస్తుండాలి.

ఈసీఈ విద్యార్థులు చాలామంది భయపడి పక్కన పెట్టే ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పేపరే ఇక్కడ పునాది. దానికి ఇంపీడెన్స్ మ్యాచింగ్, అనలాగ్ సర్క్యూట్లు, సి ప్రోగ్రామింగ్ తోడవ్వాలి. సర్క్యూట్లను సిమ్యులేట్ చేసే ఎల్‌టీస్పైస్, బోర్డులను డిజైన్ చేసే కీక్యాడ్ ఉచితంగానే దొరుకుతాయి. యాంటెన్నాను కొలిచే నానోవీఎన్‌ఏ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. నలుగురు కలిసి కొనుక్కున్నా చాలు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు షాట్కీ డయోడ్లతో ఒక రెక్టెనా (తరంగాన్ని పట్టి డీసీగా మార్చే యాంటెన్నా) తయారుచేసి, దూరాన్ని మీటరు చొప్పున పెంచుతూ ఎన్ని మైక్రోవాట్లు వస్తున్నాయో గ్రాఫు గీయవచ్చు. ఎల్‌ఈడీ వెలిగించి ఊరుకోవడం కంటే ఇది ఎంతో మేలు. లెక్క ప్రకారం రావలసినదానికీ, చేతికి వచ్చినదానికీ తేడా ఎక్కడ పుట్టిందో వివరించగలిగిన అభ్యర్థితో ఇంటర్వ్యూలో చర్చంతా ఆ గ్రాఫు మీదే సాగుతుంది.




మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ కూడా రిలీజ్ 19లో ఇలాంటి పరికరాల కోసం ‘యాంబియెంట్ ఐఓటీ’ని చేపట్టింది. ఇప్పుడు రెండో, మూడో సంవత్సరంలో ఉన్నవారు ఆ పత్రాలను చదవడం మొదలుపెట్టవచ్చు. అవి 3జీపీపీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి.