ఋణశేషం

పాఠ్యభాగ నేపథ్యం

ధనాన్ని సంపాదించడం ఒక విద్య. వచ్చిన ధనాన్ని నిలుపుకోవడం అంతకన్న కష్టమైన విద్య. చెమటోడ్చి ఆర్జించిన రూపాయిని ఖర్చుచేసేటప్పుడు మనిషి సహజంగానే వెనుకాముందు ఆలోచిస్తాడు. అనుకోకుండా చేతికందిన సొమ్ము విషయంలో మాత్రం ఆ ఆలోచన సడలుతుంది. అటువంటి ధనంతో ఇంటి అప్పులను ఏ క్రమంలో తీర్చాలి, ఆ నిర్ణయంలో లెక్కకూ ధర్మానికీ గల స్థానం ఏమిటి అనే విషయాలను ఒక రైతుకుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతంలోని యక్షప్రశ్నల ఘట్టంలో సుఖపడేవాడు ఎవరు అనే ప్రశ్నకు ధర్మరాజు ఇచ్చిన సమాధానంలో సిరిసంపదల ప్రసక్తి లేదు. అప్పులేకుండా, పరాయిచోట పడి ఉండక, తన ఇంట కూరాకు వండుకొని తినగలిగినవాడే సుఖి అని ఆ సమాధానానికి భావం. రాజ్యాన్ని పోగొట్టుకొని అడవులపాలైన వ్యక్తి నోట ఈ మాట రావడం గమనింపదగినది. అప్పులేకపోవడం కూడా ఒక సంపదే అని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం మిగల్చరాదని పెద్దలు చెప్పడంలోని ఆంతర్యం ఇదే. కొంచెమే కదా అని విడిచిపెడితే ఆ మూడూ తిరిగి పెరుగుతాయి.

అయితే నెలనెలా వడ్డీకే చాలీచాలని ఆదాయం గల కుటుంబానికి అసలు తీర్చే అవకాశం తరచుగా రాదు. పంటకు మంచి ధర పలకడం, ఎన్నడో రావలసిన బకాయి చేతికందడం వంటి సందర్భాలు జీవితంలో ఏ ఒకటి రెండుసార్లో తటస్థిస్తాయి. ఆ సందర్భంలో కుటుంబం తీసుకునే నిర్ణయం తరువాతి పదేళ్ల జీవితాన్ని నిర్దేశిస్తుంది.

2016లో మిరపకు మంచి ధర వచ్చింది. గుంటూరు మార్కెట్టులో మేలురకం కాయ క్వింటాలు పదివేల రూపాయలకు పైగా పలికింది. ఆ ప్రాంతంలో మూడెకరాలు సాగుచేసుకునే ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంటి యజమాని, అతని భార్య, వృద్ధురాలైన తల్లి, జూనియర్ కళాశాలలో చదువుతున్న కుమార్తె ఆ ఇంటివారు. సాగుఖర్చులు, ఏడాది పొడవునా ఇంటికి కావలసిన మొత్తం పోగా ఆ ఏడు వారికి అనుకోని విధంగా 3,00,000 రూపాయలు మిగిలాయి. అదే సమయంలో వారి అప్పులు మొత్తం 4,00,000 రూపాయలు.

ఆ అప్పులు నాలుగు విధాలు. ఊరి వడ్డీవ్యాపారికి ప్రామిసరీ నోటుపై 1,50,000 రూపాయలు బాకీ. దానికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఇంటి ఇల్లాలి నగలు బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చినది 1,00,000 రూపాయలు. దానికి సంవత్సరానికి 10 శాతం వడ్డీ. పంటరుణం మరొక 1,00,000 రూపాయలు. కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ వల్ల గడువులోగా చెల్లించేవారికి ఆ ఋణంపై సంవత్సరానికి 4 శాతమే పడుతుంది. చివరిది యజమాని చెల్లెలి వద్ద తెచ్చిన చేబదులు 50,000 రూపాయలు. దానికి నోటూ లేదు, వడ్డీ లేదు.

డబ్బు ఇంటికి చేరిన నాటి రాత్రి భోజనాల తరువాత ఆ మాట వచ్చింది.

"ఒరే అబ్బాయీ, నేను కళ్లు మూసేలోగా ఈ రేకులు తీయించి శ్లాబు పోయించు. నలుగురిలో గౌరవంగా ఉంటుంది" అన్నది తల్లి.

"ఇల్లు ఎక్కడికీ పోదులే అమ్మా. పక్క చేను నాలుగెకరాలు కౌలుకు ఇస్తామంటున్నారు. ఇదే ధర వచ్చే ఏడు కూడా ఉంటే ఒక్క పంటతో అప్పులన్నీ తీరిపోతాయి" అన్నాడు యజమాని.

"ముందు నగలు విడిపిస్తే బాగుంటుందేమో" అని ఇల్లాలు మెల్లగా అన్నది. తోటి స్త్రీల మధ్య బోసిమెడతో తిరిగిన మూడేళ్ల బాధ ఆ మాటలో ఉంది.

ఈ మూడు కోరికలలో ఏదీ అన్యాయమైనది కాదు. ఇంటి గౌరవం, భవిష్యత్తుపై ఆశ, పోయిన వస్తువు తిరిగి రావాలనే తపన మనిషికి సహజమైనవే. కానీ ఆ మూడింటిలో దేనిని ముందు అనుసరించినా వడ్డీవ్యాపారి నోటు అలాగే మిగిలి ఉంటుంది. ఆ విషయాన్ని కుమార్తె తన నోటుపుస్తకం చివరి పుటలో లెక్కవేసి చూపింది.

నూటికి నెలకు మూడు రూపాయలు అన్నప్పుడు అది చిన్న మొత్తంగానే వినిపిస్తుంది. సంవత్సరానికి లెక్కిస్తే 36 శాతం. 1,50,000 రూపాయలకు ఏటా 54,000 రూపాయల వడ్డీ. అంతే అప్పు గల నగలపై పడే వడ్డీని లెక్కించినా అది 15,000 రూపాయలకు మించదు. ఒకవేళ ఆ 1,50,000 రూపాయలను అప్పు తీర్చకుండా 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్టులో దాస్తే ఏటా వచ్చేది 10,500 రూపాయలు, చెల్లించేది 54,000 రూపాయలు. అంటే పొదుపు చేస్తున్నామనుకుంటూనే ఏటా 43,500 రూపాయలు నష్టపోవడం. కాబట్టి అధికవడ్డీ గల అప్పును తీర్చడం ఖర్చు కాదు. నష్టభయం లేని పెట్టుబడులలో అంతకు మించిన ప్రతిఫలం ఇచ్చేది మరొకటి లేదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ధర్మసమ్మతమైన వడ్డీని నూరు పణాలకు నెలకు ఒకటింపావు పణంగా పేర్కొన్నాడు. అది సంవత్సరానికి 15 శాతం. ఆ లెక్కన ఈ కుటుంబం చెల్లిస్తున్న వడ్డీ రెండింతలకు మించినది. వడ్డీ కట్టలేని ఏడాది ఆ మొత్తాన్ని అసలులో కలిపి నోటు తిరగరాస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది. ఏటా అలా కలుపుతూ పోతే 1,50,000 రూపాయల అప్పు మొదటి ఏడాది చివర 2,04,000, రెండవ ఏడాది చివర 2,77,440, మూడవ ఏడాది చివర 3,77,318 రూపాయలు అవుతుంది. కొత్తగా ఒక్క రూపాయి కూడా తేకుండానే అప్పు రెండున్నర రెట్లవుతుంది.

"వచ్చే ఏడు కూడా ధర ఉంటే?" అని తండ్రి తిరిగి ప్రశ్నించాడు.

"ధర ఉంటుందని నమ్మి అప్పు ఉంచుకున్నవాళ్ల సంగతి మా చరిత్ర పాఠంలో ఉంది నాన్నా" అని కుమార్తె దక్కను రైతుల కథ చెప్పింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అంతకుముందు బ్రిటనులోని బట్టల మిల్లులకు పత్తి అధికభాగం అమెరికా నుంచే వచ్చేది. అది ఆగిపోవడంతో భారతదేశపు పత్తికి గిరాకీ పెరిగింది. బొంబాయి దక్కను ప్రాంతంలో పత్తి వేసే రైతులకు షావుకార్లు ఎకరాకు నూరు రూపాయల వరకు ముందస్తుగా ఇచ్చారు. కొందరు సంపన్న రైతులు లాభపడ్డారు. ఎక్కువమందికి మాత్రం ఆ మంచికాలం పాత అప్పును తీర్చలేదు, కొత్త అప్పును తెచ్చింది. 1865లో యుద్ధం ముగిసింది. అమెరికా పత్తి తిరిగి మార్కెట్టుకు రావడంతో ధరలు పడిపోయాయి. షావుకార్లు అప్పులివ్వడం మానివేశారు. అదే కాలంలో ప్రభుత్వం భూమిశిస్తును బాగా పెంచింది.

ఋణపత్రాలు మూడేళ్లే చెల్లేవిధంగా 1859లో చట్టం వచ్చింది. వడ్డీ పేరుకుపోకుండా చూడడం దాని ఉద్దేశం. కానీ షావుకార్లు మూడేళ్లకొకసారి వడ్డీని అసలులో కలిపి కొత్త పత్రం రాయించుకోసాగారు. రక్షణకోసం వచ్చిన చట్టమే రైతు మెడకు ఉరి అయింది. చివరకు 1875 మే 12న పూనా జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకార్లపై తిరగబడ్డారు. వారి ఖాతాపుస్తకాలను, ఋణపత్రాలను తగులబెట్టారు. ఆ అలజడి అహమద్‌నగర్‌కు వ్యాపించింది. 1879లో ప్రభుత్వం దక్కను రైతుల సహాయ చట్టాన్ని చేయవలసి వచ్చింది. ఆ రైతుల కష్టాలకు షావుకార్ల దురాశ, పాలకుల శిస్తువిధానం ప్రధాన కారణాలు. ఆ రెండింటినీ మార్చడం ఒక్క రైతుకు సాధ్యమయ్యే పని కాదు. అయితే మంచి ధర ఎల్లకాలం ఉండదన్న మెలకువ ప్రతి గృహస్థుకూ సాధ్యమే.

తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, "సరేనమ్మా, మూడు రూపాయల వడ్డీది ముందు తీర్చేద్దాం. మిగిలింది నగలకు కడదాం" అన్నాడు.

అప్పుడు ఇల్లాలు అడ్డుచెప్పింది. "మరి మీ చెల్లెలి సంగతి?"

లెక్క ప్రకారం వడ్డీలేని అప్పును చివర తీర్చవచ్చు. చెల్లెలు కూడా ఏనాడూ అడగలేదు. కానీ అది ఆమె తన కొడుకు చదువుకని దాచుకొన్న డబ్బు. అత్తగారి శస్త్రచికిత్స సమయంలో మారుమాట లేకుండా తెచ్చి ఇచ్చింది.

"అడగడం లేదంటే అవసరం లేదని కాదండీ, అడగలేకపోతోంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు పిల్లవాడి ఫీజు మాట ఎత్తి, మళ్లీ తనే మాట మార్చేసింది. నా నగలు ఇంకో ఏడాది బ్యాంకులో ఉన్నా ఫరవాలేదు" అన్నది ఇల్లాలు.

వడ్డీ లేనంతమాత్రాన అప్పు భారం లేనిది కాదు. ఆ భారాన్ని తీసుకున్నవారికి బదులుగా ఇచ్చినవారు మోస్తుంటారు. బంధుత్వంలో ఏర్పడే ఎడం ఏ ఖాతాపుస్తకంలోనూ నమోదు కాదు. అందువల్ల అధికవడ్డీ గల అప్పు తరువాతి స్థానం అవసరంలో ఉన్న ఆప్తుల చేబదులుకు ఇవ్వడం ధర్మం.

కుమార్తె పుస్తకంలో తుది లెక్క ఇలా తేలింది. వడ్డీవ్యాపారికి 1,50,000, మేనత్తకు 50,000, నగల అప్పులో 60,000 రూపాయలు. మిగిలిన 40,000 రూపాయలను ఎవరూ ముట్టకుండా పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంచాలని నిర్ణయించారు. ఉన్నదంతా అప్పులకే కట్టివేస్తే ఒక్క జ్వరానికో, వాన రాని ఒక్క నెలకో తిరిగి ఆ వ్యాపారి గడపే తొక్కవలసి వస్తుంది. పంటరుణాన్ని మామూలుగా వచ్చే ఆదాయంతో గడువులో చెల్లిస్తే చాలు. ఈ ఏర్పాటు వల్ల ఏడాదికి 60,000 రూపాయల వడ్డీ తగ్గింది. అంటే నెలకు 5,000 రూపాయల కొత్త ఆదాయం ఇంటికి వచ్చినట్లే.

మరునాడు యజమాని సొమ్ము చెల్లించి, ఇద్దరు సాక్షుల ఎదుట నోటుపై చెల్లు రాయించి, ఆ నోటును వెనక్కు తీసుకున్నాడు. డబ్బిచ్చి నోటును అక్కడే విడిచిరావడం అమాయకత్వం. తీరిన అప్పుకు సాక్ష్యం మాట కాదు, పత్రం.

ఆ తరువాత ఏడాది మిరపసాగు విపరీతంగా పెరిగింది. 2017 ఏప్రిల్ నాటికి ధర అంతకుముందున్న దానిలో సగానికన్న దిగువకు పడిపోయింది. మే నెలలో కేంద్రప్రభుత్వం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనుగోలుకు ఆమోదం తెలుపవలసి వచ్చింది. అధిక కౌలుకు పొలాలు తీసుకొన్నవారి ఇళ్లలో కొత్త నోట్లు పుట్టాయి. ఈ కుటుంబానికీ నష్టం తప్పలేదు. నగలు ఆ ఏడాది కూడా ఇంటికి రాలేదు. కానీ నిల్వ ఉంచిన సొమ్ము విత్తనాలకు, పంటరుణం వడ్డీకి ఆదుకున్నది. వారు వడ్డీవ్యాపారి గడప తొక్కలేదు. మేనత్త కొడుకు చదువు ఆగలేదు.

అనుకోని సొమ్ము మనిషిని ధనవంతుణ్ణి చేయకపోవచ్చు. అది ఋణశేషాన్ని తుడిచిపెట్టినప్పుడు అతనికి రాబోయే చెడుకాలాన్ని నిలబడి ఎదుర్కొనే శక్తిని ఇస్తుంది. ఆ ఇంటి కప్పుకు నేటికీ రేకులే ఉండవచ్చు. వాటి కింద నిద్రపోయేవారికి మాత్రం తలుపు తట్టే చప్పుడు వింటే గుండె ఝల్లుమనదు.

కఠినపదాలు - అర్థాలు

ఋణశేషం : తీరక మిగిలిన అప్పు
తటస్థించు : సంభవించు, ఎదురగు
చేబదులు : నమ్మకంపై, పత్రం లేకుండా తీసుకొనే తాత్కాలికమైన అప్పు
కౌలు : భూమిని సాగుచేసుకొన్నందుకు యజమానికి చెల్లించే ప్రతిఫలం
ఆంతర్యం : లోపలి భావం
శిస్తు : భూమిపై ప్రభుత్వం వసూలుచేసే పన్ను
చెల్లు : అప్పు ముట్టినట్లు రాసే రాత
ఆప్తులు : దగ్గరివారు, మేలుకోరేవారు

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అనుకోకుండా వచ్చిన సొమ్మును రైతుకుటుంబం ఏ క్రమంలో వినియోగించింది? ఆ క్రమానికి గల కారణాలను వివరించండి.
2. దక్కను రైతుల అనుభవం నుంచి గృహస్థులు గ్రహించవలసిన విషయాలేమిటి?

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అధికవడ్డీ గల అప్పును తీర్చడం ఖర్చు కాదని ఎందుకు చెప్పవచ్చు?
2. చేబదులు తీర్చే విషయంలో ఇల్లాలి వాదాన్ని సమర్థిస్తారా? కారణాలు తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కౌటిల్యుడు పేర్కొన్న ధర్మసమ్మతమైన వడ్డీ ఎంత?
2. 1875లో రైతుల తిరుగుబాటు ఏ గ్రామంలో మొదలైంది?
3. కుటుంబం 40,000 రూపాయలను ఎందుకు నిల్వ ఉంచింది?